ఒంటికన్ను వల

నలభై మూడు మీటర్ల రాగి తీగ.
మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలొచ్చాయి.
చిలోయె దీవి వానకి టేపు కూడా సాగుతుందని
నాకు నేనే సర్దిచెప్పుకుని
నాలుగోసారి కొలవలేదు.

శిఖరానికి ఒకే ఒక్క గుంజ,
ముసలి అన్సెల్మో పడవ తెరచాప కొయ్య.
కీచుమనే కప్పీతో సహా
రెండు బస్తాల బంగాళాదుంపలకి బేరం.
చాలనిచోట పైన వెదురు అతికాను.
కింద ఒక మూల ఆపిల్ చెట్టుకి,
ఇంకో మూల గొర్రెల దొడ్డి కంచెకి.
దూరం నుంచి చూస్తే
ఎవరో ఆకాశం మీద ఇల్లు గీయబోయి
కప్పు దగ్గరే మానేసినట్టుంటుంది.

పక్కింటి ఎడెల్మీరా వలలు అల్లే మనిషి.
తలెత్తి చూసి అడగనే అడిగింది:
"ఒటీలియా, ఏం పట్టడానికే ఈ వల?
ఒకటే కన్నుంది."

మొదటి శీతాకాలమంతా
కేబుల్‌ని అడుగు తీగ నడుమన కట్టాను.
చూడముచ్చటగా ఉండేది, త్రాసు ముల్లులా.
కాస్త్రోలో వినేవాళ్ళు. అంకూద్‌లో వినేవాళ్ళు.
జలసంధి అవతల ఒక పళ్ళ డాక్టరు
రోజూ వినేవాడు, రోజూ తన మోకాలినొప్పి చెప్పేవాడు.
అంతకు మించి ఒక్క గొంతూ లేదు.
నా మాట నిట్టనిలువున లేచి
నా పెంకుల మీదే వానై పడేది.

రేవులో జనరేటర్లు బాగుచేసే బౌదీలియో
టీ తాగుతూ కిటికీలోంచి చూశాడు.
"తీగ మంచిదే. నోరు తప్పుచోట పెట్టావు."
శిఖరం నుంచి పావు తీగ కొలిచి
వాలు మీద, ఎబ్బెట్టుగా, ఓ పక్కకి కట్టమన్నాడు.
మధ్యలో ఏడు మీటర్ల పాత టీవీ కేబుల్ ముక్క.
అదెందుకంటే
"ఒకరికొకరు పడనివాళ్ళ మధ్య పెద్దమనిషి" అన్నాడు.

అంతే.
తీగ అదే, గుంజ అదే, అరవై వాట్లూ అవే.

జూన్‌లో ఒకరోజు, ఇంకా తెల్లారలేదు.
పొయ్యిలో తడికట్టె చిటపటలాడుతోంది.
చెవుల్లో హోరు, ఎప్పుడూ ఉండేదే,
ఆ హోరు అడుగున
ఎవరో గోరుతో తలుపు గీకుతున్నట్టు
చుక్క, గీత, చుక్క.
హొక్కైడోకి కూడా ఉత్తరాన రెబున్ దీవి.
పేరు తొకుజో.
ఆయనకి అప్పుడే చీకటి పడింది.

మా లోకంలో ఒక మర్యాద ఉంది.
వినపడీ వినపడనివాడికి కూడా
ఐదు తొమ్మిది తొమ్మిది అని పంపేస్తాం,
పెళ్ళిలో వంట బాగుందన్నట్టు.
ఆయన పంపింది మూడు మూడు తొమ్మిది.
కష్టంగా వింటున్నాను,
నాదం మాత్రం శుద్ధంగా ఉంది, అని అర్థం.
నాతో ఇంత నిజం
ఈమధ్య ఎవరూ చెప్పలేదు.

ఏంటెనా ఏమిటని అడిగాను.
డెల్టా లూప్, అన్నాడు.
నాదీ, అన్నాను.
చాలాసేపు ఏమీ రాలేదు.
సముద్రం మింగేసిందనుకున్నాను.
తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం:
ఒక మూల సముద్రపు నాచు ఆరబెట్టే దడికి.
కాకులు వాలతాయి. మీకు?

గొర్రెలు, అని పంపాను.
మళ్ళీ పంపమన్నాడు.
గొర్రెలు.
మళ్ళీ.
గొ ర్రె లు. ఒళ్ళు గోక్కుంటాయి కంచెకి.
అప్పుడు తీగ ఊగి మీ చెవిలో నేను తూగుతాను.

మోర్స్‌లో నవ్వంటే
నాలుగు చుక్కలు, కాస్త ఆగి రెండు చుక్కలు.
సగం భూగోళం దాటి
ఆ ఆరు చుక్కలూ
ఒక్కటి కూడా రాలకుండా వచ్చాయి.

ఆ తర్వాత ఆయన పలచబడ్డాడు.
నేను డెబ్బై మూడు అని పంపాను,
మాలో శుభం పలకడం అలాగే.
అందిందో లేదో.

తెల్లారింది.
తీగ పొడుగునా వాన చినుకులు వేలాడుతున్నాయి.
గడప దగ్గర చేపలు తోముతూ ఎడెల్మీరా,
"ఏమైనా పడిందా?"
"ఒకటి."
"ఎంతుందేమిటి?"

చేతులు చాచబోయి
ఆగిపోయాను.
ఆపిల్ కొమ్మ దగ్గర ముడి వదులైంది,
మధ్యాహ్నం గాలి లేచేలోపు
బిగించాలి.