పద్నాలుగో నంబరు

కొరుక్కుపేట గూడ్సు యార్డు వెనక
బొగ్గుమసి నేల మీద కూత నేర్చాడు యేసురత్నం.
ఒక్క ఊపిరిలో వెళ్ళి, ఇద్దర్ని తాకి,
వెల్లకిలా పడుతూ కూడా వేలికొస గీతకి ఆనించి నవ్వేవాడు.
తిరిగొస్తేనే లెక్క.

ఇరవై రెండేళ్ళప్పుడు మా కోచ్ చూశాడు వాణ్ణి.
"అది వదిలెయ్, ఈ కోడిగుడ్డు పట్టుకో" అన్నాడు.
మొదటి వారం
వాడు బంతితో చివరిగీత దాటి
మళ్ళీ మా దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు.
జట్టంతా కడుపు పట్టుకుని నవ్వాం.
నేనే చెప్పాను: తిరిగి రానక్కర్లేదురా,
అక్కడే నేలకి ఆనించు, చాలు.
"మరి ఇంటికి?" అన్నాడు.

బంతి వెనక్కే ఇవ్వాలి, మనిషి ముందుకే పోవాలి.
ఈ తిరకాసు ఒంటికి పట్టడానికి
వాడికొక తుపాను సీజను పట్టింది,
చీలమండ లోతు నీళ్ళలో, దీపావళి దాకా.

దేశం చొక్కాతో నాలుగు మ్యాచ్‌లు.
నేను పదమూడు, వాడు పద్నాలుగు.
నా కుడిచేతి అవతల ఎప్పుడూ వాడి అడుగుల చప్పుడు.
నాలుగింటిలో కలిపి బంతి వాడి దాకా వెళ్ళింది తొమ్మిదిసార్లు.
నేను లెక్కపెట్టాను. వాడు పెట్టాడో లేదో.
ఒకే ఒక్క ట్రై. మూలజెండాకి జానెడు ఇవతల
పాపని పడుకోబెట్టినట్టు పెట్టాడు బంతిని.
చేరినా ప్రయత్నమే అంటారు ఈ ఆటలో.
ఆ పేరు వాడికి తెగ నచ్చింది.

నాలుగోది. డెబ్బై ఆరో నిమిషం.
కుడిపక్క ఖాళీ, చేపల వ్యాను పట్టేంత దారి.
"అన్నా" అన్నాడు, ఒక్కసారే.
నేనివ్వలేదు.
ఎండ కళ్ళల్లో పడిందని, బంతి తడిగా ఉందని
చాన్నాళ్ళు చెప్పుకుతిరిగాను.
గీత నాకు కనబడింది, అంతే.
పడ్డాను. నా కోసం దూకిన గుంపు అడుగున
విరిగింది మాత్రం వాడి భుజం.

ఆఫీసు సెలవు ఫారంలో ఆట పేరు గడి దగ్గర
గుమాస్తా ఒక క్షణం ఆగి
కబడ్డీ అని రాసేశాడట.

ఇప్పుడు డ్యూటీ దిగాక కాశిమేడులో
బావమరిది ఐసు షెడ్డు చూసుకుంటాడు.
చీకటి పడేవేళ ఇసకలో పిల్లలకి మడమతో గీత గీస్తాడు.
మొన్న అడిగాను, ఏది బాగుండేదిరా అని.
"కూతలో ఊపిరి నా కోసం బిగబట్టేవాణ్ణి.
అక్కడ, మీరెప్పుడిస్తారా అని."
అని, నవ్వకుండా,
ఐసు గడ్డ ఒకటి నా వైపు విసిరాడు.
రెండు చేతులా పట్టుకున్నాను.
పట్టుకుని, అలవాటుగా కుడిపక్కకి తిరిగాను, ఇద్దామని.
పడవలు.