ఎడమ వెనక చక్రం

లాలాగూడ క్వార్టర్స్ వెనక, రేగుచెట్టు కింద
మూడు చక్రాల మీద, నాలుగు ఇటుకల మీద
నిలబడి ఉంది జీపు.
నాలుగో చక్రం ఉండాల్సిన చోట ఒక బొక్క,
బొక్కలో ఎండిన గ్రీజు, గ్రీజులో చీమలు.

అరవై రెండు మోడల్.
తిరుమలగిరి వేలంలో నా పాట ఒక్కటే వినిపించింది,
మిగతావాళ్ళ నవ్వుల మధ్య.

ఇంజన్ ఎట్లుంది అని అడుగుతారు అందరూ.
ఉరుకుతది అంటాను.
ఆగుతదా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.
వర్క్‌షాపులో బోగీలకు బ్రేకులు చూసే పని నాది.
వెయ్యి మందిని ఆపే కడ్డీలు బిగించి ఇంటికొస్తే
ఆగడం చేతకానిది ఒకటి
నా కోసం వాకిట్లో ఆగి ఉంటుంది.

శనివారం సగం పూట సెలవు పెట్టి రాణిగంజ్ వెళ్ళాను.
సంచిలో విరిగిన హాఫ్ షాఫ్టు,
పాత చీరముక్కలో చుట్టి,
పసిదాన్ని దవాఖానకు తెచ్చినట్టు.
మొదటి దుకాణంలో, "ఇది బంద్ అయింది మేడమ్."
రెండో దుకాణంలో, "బంద్ అయి గూడ మస్తు రోజులైంది."
మూడో దుకాణం పిలగాడు దాన్ని అటూ ఇటూ తిప్పి
"ఏందిది?" అన్నాడు.
నాలుగో చోట దొరికింది. కొత్తది. నూనె కాగితం వాసన.
పళ్ళు లెక్కపెట్టాను, పందొమ్మిది.
నాక్కావాల్సింది పది.
మళ్ళీ లెక్కపెట్టాను, తగ్గుతాయేమోనని.

పుత్లీబౌలిలో బుర్హానుద్దీన్ సాబ్
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసేసి
వేలికొనతో తడిమి, "లంబా హాత్" అన్నాడు.
"ఈ బండికి ఎనక ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి.
గుండెకాయ నడిమిట్ల ఉండదమ్మా,
మన లెక్కనే ఓ పక్కకుంటది."
ఇస్తే జతగానే ఇస్తానన్నాడు.
పొట్టిది నాకొద్దన్నాను.
"దాన్ని ఒక్కదాన్నే పెట్టుకొని నేనేం జెయ్యాలె?"
అరగంట బేరం ఆ ఒంటరితనం మీదే నడిచింది.
రెండూ కొన్నాను.

డ్రమ్ము మాత్రం లేదు.
లేదు అంటూనే కేత్లీ కింద బొగ్గులు ఎగదోశాడు.
నేను బొగ్గుల్ని చూడలేదు.
బొగ్గులున్న గిన్నెను చూశాను.
తొమ్మిదంగుళాల లోతట్టు, అయిదు బోల్టు కన్నాలు.
"సాబ్, ఇది…"
"మా అబ్బా పెట్టిన పొయ్యి."
"బ్రేకు డ్రమ్ము."
ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
చాయ్ పొంగింది.

నిప్పులు నేల మీద గుమ్మరించి,
నీళ్ళు పోస్తే పోత ఇనుము పగులుతుందని
గాలికే చల్లారనిచ్చి,
తీగకు వేలాడదీసి స్పానరుతో కొట్టాడు.
మంచి డ్రమ్ము గంటలా మోగుతుంది.
ఇది దగ్గింది.
మసి కింద, వెంట్రుకంత చీలిక.
ఆయన తన సంతోషాన్ని సగమే దాచగలిగాడు.
నాకూ ఎందుకో మనసు తేలికపడింది.
మళ్ళీ నిప్పులు ఎత్తి వేశాం.
రెండో చాయ్ డబ్బులు నేనిచ్చాను.

డ్రమ్ము చివరికి భోలక్‌పూర్‌లో తూకానికి దొరికింది,
ఎవరిదో షామియానా గుంజకు అడుగున బరువుగా పనిచేసి వచ్చింది.
బాలానగర్‌లో సాయన్న లేత్ మీద నూలుపోగంత గీకితే
తుప్పు పొట్టులా రాలి
లోపల, కొత్త స్టీలు గ్లాసు.

రాత్రి, పక్క క్వార్టరు గ్రేసీ పెడలు మీద,
నేను చక్రం కింద, టార్చి పళ్ళ మధ్య.
తొక్కు. పట్టుకో. వదులు.
తొక్కు. పట్టుకో.
గొట్టంలోంచి బుడగలు, ఒకదాని వెంట ఒకటి,
బండిలో ఇన్నేళ్ళూ ఊపిరి ఇదొక్కటే ఉన్నట్టు.
వదులు.
తొక్కు.
"ఆంటీ, గట్టిపడింది!" అని అరిచింది గ్రేసీ.
కుక్కలు లేచాయి.

పొట్టి చేతికి నూనె రాసి అటక మీద పెట్టాను.
ఈ ఊళ్ళో ఎవరి జీపో
మూడు చక్రాల మీద నిలబడి ఉంటుంది,
కుడి పక్కన బొక్కతో.
బుర్హాన్ సాబ్ దగ్గర నా నంబరుంది.