ఆరు వోల్టులు

నెలకో ఆదివారం కాక్స్ టౌన్ వెళ్తాను,
ఎస్తేరమ్మగారి షెడ్డుకి.
విల్లీస్ జీపు. ఏడాదికోసారి,
ర్యాలీ రోజునే గడప దాటుతుంది.

మూడు మూతలు విప్పుతాను.
టెర్మినల్ మీద పచ్చటి బూజు,
వేడినీళ్ళు, పాత టూత్‌బ్రష్షు.
హైడ్రోమీటర్లో బుడ్డి
పైకి తేలనంటుంది.

"వాడందే ఎట్లా అయిపోయిందయ్యా?"
వాడకపోతేనేనమ్మా,
తనలో తనే కారిపోతుంది.
రాత్రంతా ఉంచండి, నిదానంగా తాగాలి.
గబగబా పోస్తే ప్లేట్లు వంగుతాయి.

తెల్లారి ఛార్జరు తీద్దామని వెళ్తే
ఆవిడ చెప్పులు విప్పి ఎక్కి కూచుంది.
స్టార్టరు కాలికింద ఉంటుందని
నేను చెప్పలేదు.
పాదమే వెతుక్కుంది.

ఓసారి దగ్గింది.
రెండోసారికి షెడ్డు రేకులన్నీ వణికాయి,
వీధి కుక్కలు లేచాయి.

ర్యాలీకింకా ఐదు నెలలుందమ్మా, అన్నాను.
ఆ మోతలో
నాకే వినబడలేదు.