చీకటి పడకముందే

అమ్మ పడవెక్కి పట్నం వెళ్ళింది,
పన్ను పీకించుకుని రేపొస్తానంది.
వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద
చేప బొమ్మ అయస్కాంతం కింద
ఇంత పొడుగు కాగితం పెట్టింది.

"సిన్నె ఎనిమిదింటికి పడుకోవాలి.
ముందు సూపు, ఆ తర్వాతే తీపి.
బూట్లు గుమ్మం బయట.
జామ్ సీసాలో వేళ్ళు పెట్టరాదు.
తోర్గేర్ గారి పెరటి వైపు చూడనైనా చూడరాదు.
పడవెక్కితే లైఫ్ జాకెట్."
చివర్న, కింద రెండు గీతలు గీసి మరీ:
"పిన్నీ, ఇవి నీక్కూడా!"

ఆ పిన్ని మా చిన్నమ్మమ్మ బోర్గిల్డ్.
కళ్ళజోడు నెత్తి మీదుంచుకుని
ఇల్లంతా కళ్ళజోడు వెతుకుతుంది.
కాగితం దగ్గరగా చదివింది, దూరంగా చదివింది,
తలకిందులు చేసి కూడా చదివింది.
"మీ అమ్మ చేతిరాత ఎంత ముద్దుగా ఉందో!" అని
మళ్ళీ చేప కింద పెట్టేసింది.

గోడ గడియారం గొంతు సవరించుకుని
ఎనిమిదిసార్లు దగ్గింది.
నేను దుప్పటి ముక్కుదాకా లాక్కున్నాను.
చిన్నమ్మమ్మ కర్టెన్ పక్కకి లాగింది.
బయట సూర్యుడు!
సముద్రం మీద, గుడ్డు సొనలా, నిక్షేపంగా.
మా లోఫోటెన్ దీవుల్లో జూన్ నెలంతా
అతగాడు మునగడు, తేలుతూనే ఉంటాడు.
"అంత పెద్దవాడే పడుకోలేదు,
బెత్తెడు పిల్లవి, నీకేం తొందర?"

దుప్పటి ఒకవైపు, నేను ఒకవైపు!
ముందు వాఫుల్, దాని మీద చీజు,
ఆ పైన ఇంకో వాఫుల్.
గిన్నెలో సూపు చల్లారి మొహం మాడ్చుకుంది.
పాపం, మర్యాదకి చెరో రెండు చెంచాలు తాగాం.
బూట్లతోనే వంటింట్లో టపటపటప.
మా బురద అడుగులు చూసి పిల్లి
ముక్కు చిట్లించి బల్ల కింద దూరింది.

తోర్గేర్ గారి పెరట్లో రూబార్బ్ కాడలు
ఎర్రగా, నా మణికట్టంత లావు.
"చూడొద్దంది కదా అమ్మ?"
"ఎవరు చూస్తారు? కళ్ళు మూసుకుని కోద్దాం."
కళ్ళు మూసుకుని కంచె దాటాం.
దారిలో చిన్నమ్మమ్మ ఒక గొర్రెకి తగిలి
"క్షమించండి" అంది.
చెయ్యి చాచాను, కాడ దొరికింది, ఫట్!
"చక్కెర తెచ్చారా?" అంది ఒక గొంతు.
మెట్టు మీద తోర్గేర్ గారు, ఆయనకీ నిద్ర రాలేదట.
చక్కెరలో ముంచి ముగ్గురం కొరికాం.
అబ్బ, పులుపు!
నా చెవులు రెండూ వెనక్కి నడిచాయి.

"ఇంక పడవ!" అని రేవుకి పరిగెత్తాను,
దూకి బల్ల మీద కూర్చున్నాను.
చిన్నమ్మమ్మ తాడు విప్పలేదు.
చేతిలో నారింజరంగు జాకెట్.
"ఇవాళ అన్నీ ఉత్తిదే కదా, చిన్నమ్మమ్మా?"
"అన్నీ కాదు."
ఆ మాటలో నవ్వు లేదు.
ఒకసారి దూరంగా చూసింది,
అక్కడేం లేదు, నీళ్ళు తప్ప.
క్లిక్, క్లిక్, క్లిక్. నాకు మూడు.
క్లిక్, క్లిక్, క్లిక్. తనకి మూడు.
"కాగితాన్ని ఆటపట్టించొచ్చు సిన్నె,
నీళ్ళకి హాస్యం తెలీదు."

తర్వాత తెడ్డు నాకిచ్చింది.
నేను వేస్తే పడవ గుండ్రంగా తిరిగింది.
సూర్యుడొకసారి ముందొచ్చాడు, ఒకసారి వెనకొచ్చాడు.
మూతి రంగుల పఫిన్ పిట్ట ఒకటి
మమ్మల్ని చూసి, తల తిప్పుకుని, మునిగిపోయింది.

ఇంటికొచ్చేసరికి మళ్ళీ ఆకలి.
అలమరలో ముల్తె పళ్ళ జామ్,
కిందటేడు చిత్తడినేలలో
దోమలకి రక్తదానం చేస్తూ ఏరిన పళ్ళు.
రెండు వేళ్ళు, రెండు గుంటలు,
ఒకటి చిన్నది, ఒకటి వంకరది.

పొద్దున్నే అమ్మ, బుగ్గ బూరెలా పొంగి.
నేల చూసింది, పిల్లిని చూసింది.
"ఎన్నింటికి పడుకుంది?"
"చీకటి పడకముందేలే" అంది చిన్నమ్మమ్మ.
అబద్ధం ఒక్క ముక్క లేదు!

అమ్మ మాట్లాడలేదు. అలమర తెరిచింది.
జామ్ సీసా వెలుగులో పెట్టి చూసింది.
ఇటు చూసింది, అటు చూసింది,
దుప్పటి చిల్లులోంచి నన్ను మాత్రం చూడలేదు.

రెండ్రోజులు తీపి ముట్టొద్దని
పళ్ళ డాక్టరు రాసిచ్చిన కాగితం
ఆమె కోటు జేబులోంచి తొంగిచూస్తోంది.

ఇప్పుడు జామ్‌లో గుంటలు మూడు.