తీసివేత

కుయివాస్తు రేవులో
ఫెర్రీలోకి బండ్లు ఎక్కించే హెన్నోకి
ఎవరూ ప్రత్యేకంగా లెక్కలు నేర్పలేదు.
ముందు లైఫ్‌బోట్ల చోటు తీసేస్తాడు,
తర్వాత తలుపు మూసే మనుషులు నిలబడే చోటు.
దుంగల లారీ వస్తే
"నువ్వు ఒకటి కాదు, రెండు" అంటాడు
సుద్దముక్కతో గీత గీస్తూ.
మిగిలింది ఎంతో, అంతమందినే పిలుస్తాడు.

మా టికెట్ల సర్వర్‌కి ఈ మర్యాద తెలీదు.
పదకొండేళ్ల కిందట ఉర్మాస్ రాసిన ఒక్క వరుస:
చేతికిచ్చిన పిడులు వెయ్యీ ఇరవైనాలుగు,
కాబట్టి రానివ్వాల్సినవాళ్లూ
వెయ్యీ ఇరవైనాలుగు.
చదివితే తప్పెక్కడా కనబడదు.
తప్పులు అలాగే ఉంటాయి, నున్నగా తల దువ్వుకుని.

జలసంధిలో మంచు పేరుకుని
రేపటికి ఒక్క ఫెర్రీయే అన్న సాయంత్రం
ద్వీపంలో సగంమంది ఒక్కసారే వచ్చారు.
అందరినీ రమ్మంది.
మనిషికో పిడి గుమ్మం వైపు,
ఇంకోటి లోపల డేటాబేస్ వైపు.
ఐదువందలు దాటేసరికి పిడులు నిండుకున్నాయి.
మిగతావాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నారు.
వడ్డించేవాళ్లు లేరు,
లేచి వెళ్లమనేవాళ్లూ లేరు.

పొద్దున్నే లాగ్ తెరిచాను.
ఏడూ పదిహేడు తర్వాత ఖాళీ.
టీ చల్లారిపోయాక వెలిగింది:
కష్టం రాసుకోవడానికి ఫైలు తెరవాలన్నా
ఒక పిడి కావాలి.
అదీ ఎవరికో ఇచ్చేసింది.

మూడు రోజులు పట్టింది.
మార్చింది రెండు వరుసలు.
పుట్టుకతో తెచ్చుకున్నవి మూడు,
గుమ్మాల దగ్గర చెవులొగ్గి ఉండేవి నాలుగు,
లాగ్‌కి ఒకటి,
ఇంకా పేరు పెట్టని అవసరాలకి పదహారు.
ఇవి తీసేశాకే రెండుతో భాగించాలి.
మొదట నేనూ తొందరపడి
ముందు భాగించి తర్వాత తీసేసి
పన్నెండుమందిని ఊరికే చలిలో నిలబెట్టాను.

"సగానికి సగం కోసేశావేం?" అంది ట్రీను
సమావేశంలో, ఐదువందలన్న అంకె చూసి.
కోయలేదు.
ఎప్పుడూ అంతే ఉంది.
మనం వేరే చెబుతూ వచ్చాం.

ఉర్మాస్‌కి ఫోన్ చేశాను.
వోరు దగ్గర తేనెటీగలు పెంచుకుంటున్నాడు.
"అప్పట్లో రోజుకి నలభై టికెట్లు అమ్మితే పండగ" అన్నాడు.
కాసేపు ఈగల రొద.
తర్వాత, మెల్లగా, "లాగ్ కూడానా?"

ఐదువందల ఒకటో మనిషికి ఇప్పుడు
అర క్షణంలో చెప్పేస్తుంది:
నిండింది, కాసేపాగి రండి.
నిన్న అలా ఆగి వచ్చినాయన ఎవరో
పేరు రాయాల్సిన గడిలో బూతులు రాశాడు.
లాగ్‌లో ఉన్నాయి,
అక్షరం పొల్లుపోకుండా.