మూడో గడి

నిన్ననే మిర్గం చొచ్చింది.
మెట్టుగడ్డ మీద మబ్బున్నది, వాన లేదు.
గోదాముల ఆఫీసు మేడ మీది గదిలో
ఏసీ సర్వరు కోసం పెట్టిండ్రు,
దాని పుణ్యాన నాకూ ఇంత సల్లగాలి.

హైదరాబాదు నుంచి కాగితం దిగింది:
తొంభై రోజులు దాటిన పాస్‌వర్డులు ఎవరెవరివి,
సాయంత్రం లోపు పంపాలె.

నీడ అని పేరున్న ఫైలు తెరిచిన.
రూట్‌కు తప్ప ఇంకెవరికీ పడని నీడ.
మనిషికో వరుస, నడుమ నడుమ రెండు చుక్కల కంచెలు.
మొదటి గడిలో పేరు,
రెండో గడిలో ఎవరికీ చదవరాని గిలుకుడు,
మూడో గడిలో ఒక అంకె:
పంతొమ్మిది వందల డెబ్బై జనవరి ఒకటి నుంచి
పాస్‌వర్డు మార్చిన దినం దాకా
ఎన్ని పొద్దులు పొడిచినయో ఆ లెక్క.
యంత్రానికి అదే ఉగాది.
అంతకు ముందు లోకంలో ఏదీ జరగలేదు.

ఇయ్యాల్టికి ఇరవై వేల రెండు వందల నలభై ఎనిమిది.
అందులోంచి మూడో గడి తీసేస్తే వయసు.
కుర్మయ్య సారు నేర్పిన తీసివేతే,
అప్పు తెచ్చుకునే కాడ పలక మీద వేలు పెట్టి.

ఆసిఫాది ఇరవై ఏడు రోజులు. బుద్ధిమంతురాలు.
బాలకిష్టయ్యది నూట ఇరవై రెండు.
ఫోన్ చేస్తే "మొన్ననే మారిస్తి గదమ్మా" అన్నడు.
మొన్న అంటే మాఘమాసం.
కాంటా చూసే చెన్నకేశవులుది
మూడు వేల ఏడు వందల నలభై తొమ్మిది.
రిటైరై మక్తల్‌లో మేకల వెనక తిరుగుతున్నడు ఆయన.
ఆ పేరుతో ఈ పొద్దున గూడ ఎవరో లోపలికొచ్చిండ్రు.
ఎవరో నాకు తెలుసు.
కాగితంలో ఆ గడి లేదు.

తర్వాత ప్రవళిక. గురువారం చేరిన పిల్ల,
ఇంకా కుర్చీ గూడ కుదరలేదు.
దాని పాస్‌వర్డు వయసు
ఇరవై వేల రెండు వందల నలభై ఎనిమిది రోజులు.
అంటే యాభై అయిదేండ్ల పైన.
"నాకే పందొమ్మిది అక్కా!"
ఇద్దరం పొట్ట పట్టుకొని నవ్వినం.

నవ్వు ఆగినంక చూసిన: మూడో గడిలో సున్నా.
మొదటిసారి వచ్చినప్పుడు మార్చుకో అని
నేనే పెట్టిన గుర్తు.
నా స్క్రిప్టుకు ఆ ముచ్చట తెల్వక
సున్నాను పుట్టిన దినం అనుకొని లెక్క కట్టింది.

గది ఊడుస్తున్న ఉసేనమ్మ
వైర్ల కింద చీపురు ఆపింది.
"ఎవలికి యాభై అయిదు? నాది గూడ గంతే గద."
నడుం సంచిలోంచి ప్లాస్టిక్ తొడుగుల ఆధార్ కార్డు.
ఒకటి, ఒకటి, పంతొమ్మిది వందల డెబ్బై.

కోయిలకొండ దిక్కు వాళ్ల ఊర్లె సగం మంది
జనవరి ఒకటినే పుట్టిండ్రు.
క్యాంపు పెట్టిన పిలగాడు అడిగిండట, ఎప్పుడు పుట్టినవ్ అని.
తెల్వది అన్నది.
తెల్వది అని రాసే గడి వాని కాడ లేకుండె.

"పీర్ల పండుగ నాడు పుట్టిన బిడ్డా,
గందుకే ఉసేనమ్మ. అలావల నిప్పు సల్లారలేదంట ఇంక.
ఏ యేడంటవా...
బాయి అడుగంటి మా నాయిన బొంబాయి బోయిన యేడు."
ఎన్నో బొంబాయి? ఎన్నో బాయి?
పాలమూరు పంచాంగంలో
ఆ యేడు ప్రతి యేడూ వచ్చేది.

రేకుల మీద నాలుగు చుక్కలు పడి ఆగిపోయినయి.
స్క్రిప్టు తెరిచి ఒక వరుస చేర్చిన:
మూడో గడి సున్నా అయితే, ఖాళీ అయితే
తీసివేయకు. పక్కకు పెట్టు. అడిగి రాయి.

ప్రవళిక కొత్త పాస్‌వర్డు కొట్టుకుంది, రెండు సార్లు,
పెదవులు కదుపుకుంట.
గడి నిండింది. వయసు సున్నా రోజులు,
ఈసారి నిజంగనే.

ఉసేనమ్మ కార్డు మళ్ల సంచిలో దోపుకుంది.
చీపురు అందుకొని, వంగబోయి, ఆగింది.
"మరి నాది గూడ మార్సరాదు?"

ఆ సర్వరు నా చేతిల లేదు.