మూడు గడులు

కాగితం మీద మూడు గడులు గీసుకొని
కొత్తవాడకు పోయిన.
ముందు ఏమైంది. పిల్లగాడు ఏం చేసిండు. తర్వాత ఏమైంది.
ట్రైనింగుల చెప్పింది గింతే:
మనసుల ఏమున్నదో రాయొద్దు,
కంటికి కనవడ్డది, చెవికి ఇనవడ్డది రాయి.
"కోపమొచ్చింది" అని రాస్తే
మా మేడం ఎర్రపెన్నుతోని కొట్టేసేది.
కోపం ఎన్ని సెకండ్లు? అని అడిగేది.

బేతి సదానందం ఇంట్ల గుంటమగ్గం.
సగం దిగిన జంఖాన, ఎర్రపట్టీ, నీలిపట్టీ.
గోడకు ఆనుకొని నిహాల్, ఆరేండ్లు.
మాట లేదు. అరుపు ఉంది.
ఆ అరుపుకు పక్కింటి రేకులు మోగుతయి.

"మగ్గం సప్పుడు పడదు పోరనికి," అన్నది స్వరూప.
"అమ్మేస్తం. ఆయన ఏదన్న అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్‌గ చేరుతడు."
నేను తల ఊపలే.
నాలుగు గురువారాలు వాని పక్కన అదే గోడకు కూసున్న.

ఒకటో గడిల రాసింది చూడుండ్రి:
సదానందం బీడీ ముట్టిచ్చుకున్నడు.
సదానందం తెగిన పోగు ముడేస్తున్నడు.
ఎవరో బాకీకి వచ్చి వాకిట్ల నిలవడ్డడు.
సదానందం ఊకెనే కూసున్నడు, చెయ్యి గడ్డం కింద.
రెండో గడి: అరుపు. అరుపు. అరుపు. అరుపు.
మూడో గడిల నాలుగుసార్లు ఒక్కటే:
మగ్గం మళ్ల ఆడింది.

సప్పుడు కాదు.
సప్పుడు ఆగుడు.

చదివి ఇనిపిస్తే సదానందం శానసేపు మాట్లాడలే.
"అంటే నాకు మేస్త్రి వీడే అన్నట్టు.
పోయిన నెల రెండు జంఖానలు ఎక్కువ దిగినయి."
అవు, మూడో గడి ఇద్దరిది.
అరిస్తే వానికి నాడె దొరుకుతది,
నేస్తే నీకు నిమ్మళం దొరుకుతది.
దొరికిచ్చిన పనే మళ్ల మళ్ల చేస్తం.
దాన్ని పునర్బలనం అంటరు, పుస్తకంల మాట, నోరు తిరుగది.
"మరుగుడు అంటం మేము," అన్నది స్వరూప,
"పిల్లి పాలకు మరిగినట్టు."

అట్టముక్క మీద నాడె బొమ్మ గీసిన, పడవ లెక్క వచ్చింది.
అరిస్తే ఆడొద్దు.
బొమ్మ చేతుల పెడితే ఆడాలె, పెట్టంగనే.
వాని చేతి మీద నా చెయ్యి.
తర్వాత మణికట్టు కాడ రెండు వేళ్లు.
తర్వాత మోచెయ్యి. తర్వాత గాలిల నా నీడ.
కనవడకుండ పోవుడే నా పని,
జీతం గూడ అట్లనే, రెండు నెలలకోసారి కనవడ్తది.

తగ్గేముందు పెరుగుతది అని చెప్పే వచ్చిన.
పెరిగింది. ఆ రాత్రి పది ఇండ్లు లేసినయి.
సదానందం చేతులు తొడల కింద పెట్టుకొని కూసున్నడట.
"చేతులే ఆగుతలెవ్వు మేడం,
అవి గూడ మరిగినయి."

పదకొండో వారం ఎనిమిది అరుపులు, ముప్ఫయారు అట్టలు.
పన్నెండో వారం జరం. మళ్ల అరుపులే.
అది గూడ రాసిన.
ఇంకొకటి, లెక్కల దొరికింది:
తండ్రి చెయ్యి గడ్డం కిందికి పోయిన పూట
అరుపు పద్నాలుగు సెకండ్లు ఎక్కువ.
ఎందుకో రాసే గడి
మా కాగితంల లేదు.

నిన్న పోచమ్మ మైదాన్ కాడ బస్సు ఆగింది.
డ్రైవరు ఇంజను బందు చేసిండు.
స్వరూప నా దిక్కు చూసింది, నేను వాని దిక్కు.
నోరు తెరిచిండు, మూసిండు,
జేబుల చెయ్యి పెట్టిండు,
సీట్ల నడుమ నుంచి పోయి
కండక్టరమ్మ అరచేతుల అట్టముక్క పెట్టిండు.
"ఏందిది బిడ్డా, పడవనా?"
ముందల లారీ కదిలింది, బస్సు కదిలింది.

బస్సు సంగతి నేను నేర్పలేదు.
సాధారణీకరణం అని రాయాలె, పెన్ను దొరకలే.
ఆమె అట్టను సంచిల ఏసుకున్నది, చిల్లరల కలిపి.
అడగబుద్ధి కాలే.
రాత్రి ఇంకోటి గీసిన.
ఈసారి గూడ పడవే వచ్చింది.